పుట్టి నుంచి మోటారు దాకా

మక్తల్ వైపు నుంచి కృష్ణ దాటి కురుమగడ్డ వెళ్ళినవాళ్ళకి పుట్టి గురించి చెప్పక్కర్లేదు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఇలాంటివే చూసి రాశాడు: బుట్టలా గుండ్రం, లోపల బెత్తం, బయట తోలు, నీళ్ళలో గిరగిరా తిరగడం. తర్వాత్తర్వాత తోలు పోయి ప్లాస్టిక్ పట్టా వచ్చిందంతే. పనయ్యాక గట్టున బోర్లించి ఆరబెడితే మెయింటెనెన్స్ అయిపోయినట్టే.

1909లో అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ పడవ వెనక తగిలించే మోటారు అమ్మడం మొదలెట్టాడు. ఇక్కడే కథ మారింది. ఈ ఇంజిన్లలో చాలావాటికి రేడియేటర్ ఉండదు, పడవ కింది నీళ్ళనే లాక్కుని చల్లబడతాయి. విశాఖలో తెప్పకైతే లోపల ఉప్పు మిగిలి అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకే ఒడ్డుకొచ్చాక మంచినీళ్ళతో కడగాలి. పడవ నీళ్ళలోనే కట్టేసి ఉంటే ఇంజిను పైకెత్తి, కడగడానికిచ్చిన రంధ్రానికి పైపు తగిలించాలి. చాలా మోడళ్ళలో ఇంజిను ఆపే ఈ పని చెయ్యాలి.

"కృష్ణవి మంచినీళ్ళే కదా, మనకెందుకు?" అంటారా? వరదనీటి ఇసుక నీటిపంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ని అరగదీస్తుంది, ఒండ్రు దారులు పూడుస్తుంది. నడి ఏట్లో ఇంజిను వేడెక్కి ఆగితే, పడవనిండా ఉన్న జనానికి తెడ్డే దిక్కు.

మన ఆఫీసుల్లో రిలీజ్ రోజున చప్పట్లు కొట్టి మెయింటెనెన్స్ వాణ్ణి మర్చిపోతాం. ఏటి మీద అది కుదరదు. పుట్టిని బోర్లించిన చేత్తోనే మోటారునీ కడగాలి. మీ ఊరి రేవులో ఎలా చేస్తారో చెప్పండి.