ఫీజు లేని దీపం

పాత మోరిస్ కారు వైరింగ్ పటం ఒకటి ఈమధ్య చేతికి చిక్కింది. హారన్‌కి ఒక ఫీజు ఉంది. వైపర్లకీ, ఇండికేటర్లకీ కలిపి ఇంకొకటి. బండి మొత్తానికి ఆ రెండే. హెడ్‌లైట్ల తీగ మీద వేలు పెట్టి బ్యాటరీ దాకా వెనక్కి వెళ్లాను. దారిలో కాలితో తొక్కే డిప్పరు తగిలింది, డాష్‌బోర్డు మీది స్విచ్చి తగిలింది, ఫీజు మాత్రం ఎక్కడా తగల్లేదు. పటంలో తప్పేమో అనుకుని ఇంకో మోడల్‌ది తీసి చూశాను. అందులోనూ అంతే.

మరిచిపోయి వదిలేసింది కాదట. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ల దారిలో కావాలనే ఫీజు పెట్టలేదు. ఫీజంటూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. నడిరాత్రి వేగంగా పోయే బండికి రెండు దీపాలూ ఒక్కసారే ఆరిపోతే ఎదురుగా చెట్టుందో చెరువుందో తెలియదు. అదే తీగ కాలితే ముందు వాసనొస్తుంది, తర్వాత పొగొస్తుంది, బండి పక్కకి తీసుకునే వ్యవధి ఉంటుంది. నిప్పునీ చీకటినీ పక్కపక్కన పెట్టి చూసి, చీకటికే ఎక్కువ భయపడ్డారు వాళ్లు.

ఆ భయం సంగతి కొల్లేటి గట్ల మీద రాత్రిపూట బండి నడిపినవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. అటు చేపల చెరువు, ఇటు చేపల చెరువు, మధ్యలో ఒక్క బండి పట్టే దారి.

అసలు ఫీజు అనే మాటే మనదగ్గర తమాషాగా స్థిరపడింది. బడిలో కట్టేదీ ఫీజే, మీటరు పక్కన తెల్ల పింగాణీ బిళ్లలో ఉండేదీ ఫీజే. ఇంగ్లీషులో వేర్వేరు మాటలు మన నోట్లో ఒకటైపోయాయి. కరెంటు ఫ్యూజుకి లాటిన్‌లో మూలార్థం కరగడం, పోతపోయడం. బాంబు వత్తిని కూడా ఇంగ్లీషువాళ్లు ఫ్యూజనే అంటారు గానీ అది వేరే వంశం, నూలు వడికే కదురు నుంచి వచ్చింది. మన ఫీజు కరగడానికే పుట్టింది. దారిలో అన్నిటికంటే బలహీనంగా ఉండి, ఆపద వస్తే అన్నిటికంటే ముందు తానే పోవడం దాని ఉద్యోగం.

ఆ ఉద్యోగం మొదట ఇచ్చింది టెలిగ్రాఫు వాళ్లు. పిడుగు పడితే తీగ వెంట వచ్చి యంత్రాన్ని కాల్చేస్తోందని, ఆఫీసులోకి వచ్చేచోట సన్నని తీగ ముక్క వేయమని 1847లో ఫ్రాన్సులో బ్రెగే అనే గడియారాల వంశపు పెద్దమనిషి సలహా ఇచ్చాడు. 1880లో ఎడిసన్ ఆ ఆలోచనని దీపాలకి పట్టించి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత కార్లలోకి అది ఎలా ఎక్కిందన్నది చెదురుమదురు కథ, నన్ను అంతగా పట్టి ఉంచలేదు. నన్ను పట్టి ఉంచింది దీపాల కథ.

ఆ మోరిస్ పటం మీద లూకాస్ పేరుంది. 1860ల్లో బర్మింగ్‌హామ్ వీధుల్లో కిరోసిన్ అమ్ముకుని బతికిన జోసెఫ్ లూకాస్, నూనె అమ్మినవాడు దీపం మాత్రం ఎందుకు చేయకూడదనుకున్నాడో ఏమో, లాంతర్ల తయారీలోకి దిగాడు. అప్పట్లో ముందు చక్రం మనిషంత ఎత్తుండే సైకిళ్లు తిరుగుతుండేవి. లూకాస్ ఒక చిన్న నూనె దీపం చేసి, ఆ పెద్ద చక్రం లోపల, ఆకుల మధ్య, ఇరుసుకి వేలాడేలా తగిలించాడు. చక్రం తిరుగుతుంటుంది, దీపం మాత్రం నిటారుగా వేలాడుతూ నేల మీద వెలుగు పరుస్తుంది. దానికి ‘కింగ్ ఆఫ్ ది రోడ్’ అని పేరు పెట్టాడు.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. ఇరుసుకి వేలాడే దీపం మనకి తెలియనిదా? ఏలూరు మిల్లులకి రాత్రంతా ధాన్యం బళ్లు బారులు తీరి నడిచిన రోజుల్లో ప్రతి బండి కిందా ఇరుసుకి ఒక లాంతరు. బండివాడు ఎడ్లని నమ్మి కునుకు తీసేవాడు. లాంతరు ఊగుతుంటే ఎడ్ల కాళ్ల నీడలు రోడ్డు మీద కత్తెరల్లా విచ్చుకుని మూసుకునేవి. దూరం నుంచి చూస్తే నేలకి జానెడెత్తున చుక్కల వరసొకటి నిదానంగా కదిలిపోతున్నట్టుండేది. దారి చూపించడానికి కాదది, ఎడ్లకి దారి తెలుసు, వెనకవాడికి కనబడడానికి. దీపం పని చూడడమే కాదు, కనబడడం కూడా అన్నది ఆ లాంతరుకి తెలిసినట్టు ఇప్పటి దీపాలకి తెలియదని నా బాధ. తాటి బోదె తొలిచి చేసిన కొల్లేటి దోనెలోనూ రాత్రిపూట దీపం ఉండేది. అదీ అంతే, వెలుగు కొంచెం, ఉనికి ఎక్కువ.

నూనెకీ కరెంటుకీ మధ్య ఒక దశ ఉంది. దాని చుట్టం మన వైపే దొరుకుతుంది. 1892లో విల్సన్ అనే కెనడా దేశస్థుడు అమెరికాలో అల్యూమినియం చేయబోయి, కొలిమిలోంచి ఇంకేదో గడ్డ బయటికి తీశాడు. నీళ్లలో వేస్తే బుసబుసా గ్యాసు వచ్చింది. అదే కార్బైడ్. నూజివీడు మామిడికాయలని దొంగతనంగా ముగ్గబెట్టారని అధికారులు పట్టుకునే ఆ కార్బైడే. తిండి పదార్థాల చట్టం దాన్ని ఎప్పుడో నిషేధించింది. కార్లకి తొలి గొప్ప హెడ్‌లైట్లు వెలిగింది దాంతోనే. డబ్బాలో కార్బైడ్ గడ్డలు, పైన చుక్కచుక్కగా కారే నీళ్లు, కింద నుంచి ఎసిటిలీన్ గ్యాసు, దీపం దగ్గర అగ్గిపుల్ల. పగలంతా తోలి పొద్దు గుంకగానే దిగి, డబ్బా విప్పి, నీళ్లు పోసి, రెండు దీపాలకీ నిప్పు ముట్టించి మళ్లీ ఎక్కాలి. ఫోర్డ్ మోడల్-టి కారు 1915లో కరెంటు దీపాలకి మారేదాకా ఇదే తంతు. మారాక కూడా ఇంజను నెమ్మదిస్తే దీపం మసకబారేది, వేగం పెంచితే ప్రకాశించేది. చీకట్లో దారి కనబడనివాడు తగ్గాల్సిందిపోయి గ్యాసు పెంచాల్సి వచ్చేది!

1940లో అమెరికా ఏడంగుళాల గుండ్రని దీపాన్ని ప్రమాణంగా చేసింది. ఆ కొలతే మన దేశంలో జీపుకి, బుల్లెట్ మోటారుసైకిలుకి, అంబాసిడర్‌కి ముఖమైంది. 1962లో హ్యాలోజెన్ వచ్చింది. 1971లో ఒకే గాజుబుడ్డిలో రెండు ఫిలమెంట్లున్న హెచ్-4 వచ్చింది: దూరానికి 60 వాట్లు, దగ్గరకి 55. ఆ వెనకాలే చట్టం ఒప్పుకోని 100/90 బల్బులూ మన స్పేర్ పార్టుల దుకాణాల్లోకి చేరాయి.

మా బాబాయి గారి పాత కారుకి వాటినే వేయించారు. మాఘమాసంలో తాడేపల్లిగూడెం నుంచి కైకలూరు పెళ్లికి, వెనక సీట్లో నలుగురం పిల్లలం. గణపవరం దాటేదాకా బాబాయి గారు ఆ వెలుగు చూసి మురిసిపోతూనే ఉన్నారు. ఆకివీడు దాటాక మంచు దిగింది. మంచులో ఎక్కువ వెలుగంటే ఎక్కువ తెలుపు, అంతే. ఎదర గోడ కట్టినట్టయింది. కాసేపటికి ఆ తెలుపు పసుపుగా మారింది. డాష్‌బోర్డు దగ్గర రబ్బరు కాలిన వాసన. “ఏవండీ, ఏదో కాలుతోందండీ” అని పిన్ని అనేలోపే స్విచ్చి వెనకనుంచి పొగ. డ్రైవరు ఒక్క ఉదుటున దిగి, బానెట్టు ఎత్తి, తుండుగుడ్డ చేతికి చుట్టుకుని బ్యాటరీ టెర్మినల్ పీకేశాడు. ఆ తర్వాతి చీకటి నాకిప్పటికీ గుర్తుంది. ఉప్పుటేరు ఎటుందో వినబడుతోంది గానీ కనబడడంలేదు. ముహూర్తం దాటాక, చేపల లారీ ఒకటి రెండు దీపాలతో మెల్లగా వచ్చి మా పక్కన ఆగింది.

తెల్లారాక బండి చూసిన ఆటో ఎలక్ట్రీషియన్ గారు కాలిన స్విచ్చిని అరచేతిలో పెట్టుకుని చెప్పిన మాట: “దీపానికి అన్నం వేరే దారిన పెట్టాలండి బాబూ. స్విచ్చీ కబురు చెయ్యాలంతే.”

రిలేకి అంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఒక్కో 60 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు లాగుతుంది, జత 10. అదే 100 వాట్లదైతే జత దాదాపు 17. కరెంటు 10 నుంచి 17 అయితే తీగలో వేడి కూడా ఆ లెక్కనే పెరుగుతుందనుకుంటాం. కాదు, వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే దాదాపు 2.8 రెట్లు. పాత స్విచ్చి మాడిపోక ఏం చేస్తుంది? రిలే ఉంటే స్విచ్చి గుండా వెళ్లేది ఆంపియరులో చిన్న భాగమే. ఆ కబురు అందుకుని లోపలి అయస్కాంతం అసలు తలుపు తీస్తుంది. బ్యాటరీ నుంచి తిన్నగా 30వ పిన్నుకి, 87 నుంచి దీపానికి, కబురు తీగ 85, 86ల మధ్య. ఆ రిలే కూడా టెలిగ్రాఫు బిడ్డే. దూరం వెళ్లి నీరసించిన సంకేతానికి కొత్త బ్యాటరీ జోడించి ముందుకి పంపే ఉపాయమది. పేరు అంతకు ముందుది, తపాలా బళ్లకి అలిసిన గుర్రాలని విప్పి కొత్తవి కట్టే మజిలీలది. ఫీజూ, రిలే ఒకే ఇంట పుట్టి, వందేళ్ల తర్వాత ఒకే బానెట్టు కింద కలుసుకున్నాయి.

ఇంకో సంగతి తెలిసి ఉంటే బాబాయి గారు ఆ బల్బులు కొనేవారు కాదేమో. హ్యాలోజెన్ దీపానికి వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. సన్నని పాత తీగలో, తుప్పు పట్టిన ఎర్తులో ఆ పదో వంతు ఊరికే ఆవిరవుతుంది. మామూలు 60/55 బల్బుకే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మంచి ఎర్తు, రిలే ఇస్తే చాలామందికి కొత్త దీపం పెట్టినట్టే ఉంటుంది. ఎదుటివాడి కళ్లూ పోవు.

ఫీజు దగ్గర ఇప్పటికీ చాలామంది పొరబడతారు. అది కాపాడేది బల్బుని కాదు, తీగని. కాబట్టి బల్బు దగ్గర కాదు, బ్యాటరీ పక్కనే ఉండాలి. బ్యాటరీకీ ఫీజుకీ మధ్య తీగ ఎంత పొడుగుంటే అంతమేరా కాపలా లేనట్టే. తీగ మోయగలిగినదాని కంటే ఫీజు ఎప్పుడూ పెద్దది కాకూడదు. మాటిమాటికీ పోతోందని పెద్దది వేసినా, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టినా మళ్లీ ఆ మాఘమాసపు పొగే. 1976లో వచ్చిన రంగు ప్లాస్టిక్ ఫీజుల్లో ఎరుపంటే 10, నీలం 15, పసుపు 20, పచ్చ 30. అంతకు ముందు గాజుగొట్టం ఫీజుల్లో తీగ తెగడం కంటికి కనబడేది. దాన్ని వెలుగుకి ఎత్తిపట్టి ఒక కన్ను మూసి చూడడం ప్రతి డ్రైవరుకీ వచ్చిన విద్య. అది పోయింది. కాలి కింది డిప్పరూ పోయింది. లారీల దీపాలకి పైభాగాన నల్లరంగు పూసే అలవాటూ పోయింది. ఎదురుబండి కనబడగానే డిప్పరు కొట్టడం వేల రాత్రుల్లో ముఖాలు తెలియని డ్రైవర్లు ఒకరికొకరు పెట్టుకున్న నమస్కారం. భీమడోలు హైవే మీద తెల్లని ఎల్‌ఈడీల వరద కళ్లలో కొట్టినప్పుడల్లా ఆ నమస్కారం కోసం వెతుక్కుంటాను.

1991లో జినాన్, 2007లో ఎల్‌ఈడీ కార్ల ముందుకొచ్చాయి. హ్యాలోజెన్ కోసం చేసిన అద్దంలో అంగడి ఎల్‌ఈడీ బుడ్డి దూర్చితే ఫిలమెంటు ఉండాల్సిన చోట అది ఉండదు, వెలుగు రోడ్డు మీద పడాల్సింది ఎదుటివాడి ముఖాన పడుతుంది. కరెంటు తక్కువ లాగుతుంది కదా అని దానికి ఫీజు మానేసేవాళ్లనీ చూశాను.

నిప్పా, చీకటా అన్న మోరిస్ వాళ్ల చిక్కుముడికి విడుపు చాలా చిన్నదని పోయిన చలికాలం నా కారుకి వైరింగ్ మార్పించినప్పుడు చూశాను. తాడేపల్లిగూడెంలో ఒక షెడ్డు, ఎదురుగా రైసుమిల్లు గోడ. కుర్రాడు పని ముగించి దీపాలు వేశాడు. గోడ మీద రెండు వెలుగులు పక్కపక్కన పడ్డాయి. “చూడండి మావయ్యగారూ” అని బ్యాటరీ పక్కనున్న రెండు నీలం ఫీజుల్లో ఒకదాన్ని వేళ్లతో పీకేశాడు. ఎడమవైపు గోడ చీకటయింది. కుడివైపు సున్నం పెచ్చులూడిన చోటు, దాని పక్కన మిల్లు పేరులో చివరి రెండక్షరాలు, ఇంకా స్పష్టంగా కనబడుతూనే ఉన్నాయి.