వ్యాసంలోని కోడ్‌ను ఏ ముక్కకా ముక్క నడపడం

ప్రోగ్రామును మనిషి చదివే వ్యాసంలా రాయాలన్న ఆలోచనకు స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్ 1984లో ‘కంప్యూటర్ జర్నల్’ వ్యాసంలో లిటరేట్ ప్రోగ్రామింగ్ అని పేరు పెట్టాడు. ఆయన తయారుచేసిన వెబ్ అనే వ్యవస్థలో వివరణ, పాస్కల్ కోడ్ ఒకే ఫైలులో ఉంటాయి. అందులోని వీవ్ అనే ప్రోగ్రాము ఆ ఫైలును అచ్చుకు సిద్ధం చేస్తుంది. టాంగిల్ అనే మరో ప్రోగ్రాము కోడ్‌ను ఏరి కంపైలర్ కోరే వరుసలో పేరుస్తుంది. దాంతో రచయిత ఏది ముందు చెబితే పాఠకుడికి తేలికో అదే ముందు చెప్పగలిగాడు. నడపడంలో మాత్రం ఆ వెసులుబాటు లేదు. 1986లో పుస్తకంగా వచ్చిన ఆయన అచ్చుకూర్పు ప్రోగ్రాము టెక్‌లో 1,300కు పైగా విభాగాలున్నాయి. ఒక లూప్ లోపలి నాలుగు వరుసలే ఒక విభాగం కావచ్చు. అది విడిగా నడవదు.

ముక్కను నడిపే అలవాటు వేరే దారిన వచ్చింది. 1988లో వచ్చిన మాథమాటికా నోట్‌బుక్‌లో ఒక సెల్‌ను, అంటే కోడ్ రాసే గడిని, నడిపితే జవాబు దాని కిందే పడుతుంది. లెక్క చేసే కెర్నల్ విడిగా ఉండి, అంతకుముందు నడిచిన వాటిని గుర్తుంచుకుంటుంది.

గణాంకవేత్తలకు కావలసింది మరొకటి: పట్టికలు, గ్రాఫులు వాటంతటవే పరిశోధనపత్రంలోకి చేరాలి. 2002లో ఫ్రీడ్రిష్ లైష్ రూపొందించిన స్వీవ్ ఆర్ భాషకు ఆ సదుపాయం ఇచ్చింది. అయితే వాక్యంలో ఒక కామా దిద్దినా పత్రంలోని లెక్కలన్నీ మళ్లీ మొదటినుంచి నడవాలి. ఆర్ కోసమే యీహుయ్ షియె రాసిన నిట్ఆర్ ప్యాకేజీ, కోడ్ మారని ముక్కకు పాత ఫలితాన్నే దాచి వాడే ఏర్పాటును సులువు చేసింది. డేటా ఫైలు మారితే ఆ సంగతి దానికి మనమే చెప్పాలి.

వ్యాసంలా రాయడం, ముక్కగా నడపడం అనే రెండు దారులూ చక్కగా కలిసింది ఈమాక్స్ ఎడిటర్‌లోని ఆర్గ్‌లో. ఖగోళ శాస్త్రవేత్త కార్‌స్టెన్ డొమినిక్ 2003లో దాన్ని నోట్సు రాసుకోవడానికి మొదలుపెట్టాడు. ఎరిక్ షుల్టి, డాన్ డేవిసన్ చేర్చిన బేబెల్‌తో అందులోని కోడ్‌కు ప్రాణం వచ్చింది. కర్సర్‌ను ఒక బ్లాకులో ఉంచి కంట్రోల్-సి రెండుసార్లు నొక్కితే ఆ బ్లాకు మాత్రమే నడిచి, ఫలితం కింద చేరుతుంది. బ్లాకు తలవరుసలో దాన్ని నడపవద్దని, లేదా టాంగిల్ చేసి ఫలానా ఫైలులో రాయమని చెప్పవచ్చు. ఒక బ్లాకు ఫలితాన్ని పేరు పెట్టి పిలిస్తే, అది వేరే భాషలోని బ్లాకుకు ముడిసరుకవుతుంది: షెల్ ఏరిన డేటాను పైథాన్ సర్దితే, ఆర్ గ్రాఫు గీస్తుంది. సెషన్ (బ్లాకుల మధ్య కొనసాగే జ్ఞాపకం) అడగకపోతే పైథాన్ బ్లాకు ప్రతిసారీ కొత్తగా మొదలై, పైబ్లాకుల సంగతి ఎరగదు. ఇతరుల ఫైలులో ఏ ఆదేశం దాగి ఉందో తెలియదు కనుక, నడిపేముందు అనుమతి అడగడం ఆర్గ్ సహజ పద్ధతి. విసుగు పుట్టించినా ఇది సరైన నిర్ణయమే.

2011లో వచ్చిన ఐపైథాన్ నోట్‌బుక్, 2014 నుంచి జూపిటర్ పేరుతో, ఈ అలవాటును ఎక్కువమందికి చేర్చింది. చిక్కు కూడా అక్కడే బయటపడింది. సెల్‌లను ముందూ వెనకా నడిపితే పేజీలో కనిపించే వరుస ఒకటి, కెర్నల్ జ్ఞాపకంలోని వరుస మరొకటి. సెల్‌ను చెరిపేసినా అందులో పుట్టిన వేరియబుల్ బతికే ఉంటుంది. సెల్ పక్కనుండే సంఖ్య నడిచిన క్రమాన్ని చూపుతుంది గానీ పొరపాటును ఆపలేదు. అందుకే ఫలితాన్ని పంచుకునేముందు కెర్నల్‌ను తిరిగి మొదలుపెట్టి, సెల్‌లన్నిటినీ పైనుంచి నడిపి చూస్తారు. జూలియా భాషకు 2020లో వచ్చిన ప్లూటో ఆ పని మనిషికి వదలలేదు. ఏ సెల్ దేనిమీద ఆధారపడిందో తానే లెక్కగట్టి, ఒకటి మారితే దాని మీద ఆధారపడిన వాటినే నడుపుతుంది. సెల్ చెరిగితే దాని వేరియబుల్ కూడా పోతుంది. అందుకు బదులుగా, ఒకే వేరియబుల్‌ను రెండు సెల్‌లలో నిర్వచించడానికి ఒప్పుకోదు.