పసిబిడ్డల గది: అరుగు మొదలుకొని అంగన్‌వాడీ వరకు

ఈ శతజయంతి సంచికకు ఒక వ్యాసము వ్రాసి పంపుడని కమిటీవారు అడిగినప్పుడు మేము కొంత తటపటాయించితిమి. దేవాలయములను గూర్చి, మిషనెరీ దొరలను గూర్చి, ఉన్నత పాఠశాలలను గూర్చి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. కనుక మేము ఒక చిన్న గదిని గూర్చి వ్రాయ తలచితిమి. మూడేండ్లు నిండి, ఇంకను బడి ఈడు రాని పిల్లలు కూర్చుండు గది అది. దుత్తలూరులోను, ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెలలోను అట్టి గదులు అనేకము చూచితిమి. ఒకదానిని మేమే చేతులార అమర్చి, చేతులార పాడు చేసితిమి కూడ. ఆ సంగతి తరువాత చెప్పెదము.

మన ప్రాంతములో బడి గదిలో పుట్టలేదు, అరుగు మీద పుట్టినది. 1822లో చెన్నపట్నము గవర్నరు సర్ థామస్ మన్రో దొర, ఏ జిల్లాలో ఎన్ని బళ్ళున్నవి, చదువువారెందరు అని కలెక్టర్లను లెక్క అడిగెను. ఆ లెక్కలలో నెల్లూరు జిల్లాకు 697 బళ్ళు, 7,621 మంది పిల్లలు కనబడుదురు. అనగా సగటున బడికి పదకొండు మంది. పదకొండు మందికి ఒక ఇంటి అరుగు చాలును. అక్కడ బెంచీ లేదు, బల్ల లేదు, గోడకు పటము లేదు. నేల మీద ఇసుక పరచి పంతులుగారు వేలితో అక్షరము గాడి తీసి చూపగా, పిల్లవాడు ఆ గాడిలోనే తన వేలు పెట్టి దిద్దును. గుంట ఓనమాలు అని మన పెద్దలు చెప్పుకొనునది ఇదియే. తెలుగు వ్యాకరణము వ్రాసిన క్యాంబెల్ దొర బళ్ళారి కలెక్టరుగా 1823లో పంపిన నివేదికలో ఈ ఇసుక వ్రాతను వర్ణించి, పెద్ద పిల్లలు చిన్నవాండ్లకు నేర్పు పద్ధతిని మెచ్చుకొనెను.

అయితే రెండు మాటలు దాచకుండ చెప్పవలెను. అయిదవ యేడు వచ్చువరకు బిడ్డకు అవ్వ ఒడియే బడి. పసిపిల్లలకు వేరుగా ఒక చోటు కావలెనను తలంపు ఆనాడు లేదు. రెండవది, ఈ సంచిక చదువు అనేకుల తాతముత్తాతలకు ఆ అరుగు ఎక్కు హక్కు లేదు. ఈ రెండవ మాట ఈ వ్యాసము చివర మరల వచ్చును.

ఆ ఇసుక సముద్రము దాటినది. ఆండ్రూ బెల్ అను ఆంగ్లికన్ గురువు 1789 మొదలుకొని మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమమును నడిపెను. ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, దానిని తన బడిలో పెట్టెను. 1797లో లండనులో పుస్తకము వేసి ఆ సంగతి తెలిపెను. తరువాత ఇంగ్లండులోని చర్చి పాఠశాలలలో చిన్న తరగతుల పిల్లలు ఇసుక పళ్ళెములలో అక్షరములు దిద్దిరి. మనకు చదువు అంతయు అక్కడనుండియే వచ్చినదని అనుకొనువారు ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

గదిని పసిబిడ్డ కొలతకు తగ్గించినవారు మాత్రము వేరే ఉన్నారు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల బడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టెను. 1907లో రోమా నగరపు పేదవాడలో మరియా మాంటిసోరి అమ్మగారు పిల్లవాడు తానే ఎత్తి జరుపుకొనగల తేలికపాటి కుర్చీలు, చేతికందు ఎత్తులో అలమరలు చేయించెను. గరుకు కాగితముతో అక్షరములు కత్తిరించి పలకలకు అంటించి, వేలితో తడిమించెను. ఆమె మన అరుగులను చూచి నేర్చుకొన్నదని మేము అనుట లేదు. కంటికంటె ముందు వేలికి తెలియునని ఇరువురికి వేరువేరుగా తోచినది, అంతే. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధము వలన 1946 వరకు ఈ దేశములోనే నిలిచిపోయి, వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చెను.

ఇక మన పల్లెలకు వత్తము. అమెరికన్ బాప్టిస్టు మిషనువారు 1840లో నెల్లూరులోను, 1885లో ఉదయగిరిలోను, 1893లో ఆత్మకూరులోను నిలయములు స్థాపించిరి. పల్లెలలో బడియు, ప్రార్థన గృహమును తరచుగా ఒకే పూరిల్లు. ఆదివారము ఆరాధన, తక్కిన దినములలో చదువు, రెండింటికిని ఒకే పంతులుగారు. అరుగు ఎక్కనీయని పిల్లలకు ఆ పూరిల్లు తలుపు తెరచినది, దానికి మించిన మేలు మరొకటి లేదు. కాని గది అమరిక వినుటకే గాని చేయుటకు కాదు, అందరు ఒకే వైపునకు తిరిగి కూర్చుండవలెను. తల్లిదండ్రులు కూలికి పోగా, చంటిబిడ్డను చంకన వేసికొని బడికి వచ్చు అక్కలు ఉండిరని పెద్దలు చెప్పుదురు. ఆ బిడ్డ మూలను చాపమీద నిద్రపోవును. మన పల్లెలలో పసిబిడ్డల బడికి అదియే ఆదియని మా తలంపు.

ఆ మూలనున్న బిడ్డకు ఒక చోటు కల్పింపవలెనని దేశములో వేరువేరు చోట్ల యత్నములు జరిగెను. 1920లో గిజుభాయి బధేకాగారు భావనగరములో బాలమందిరము తెరచిరి. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్‌గారు ఖరీదైన సామాను పల్లెకు తగదని గ్రహించి, 1945లో బొర్డీ గ్రామమునకు, తరువాత కోస్‌బాడ్ కొండజాతుల వాడలకు పోయి ఆకులు, గింజలు, గులకరాళ్ళతోనే పాఠములు నడిపించిరి. పిల్లలు బడికి రానప్పుడు బడినే వారి ఇంటి ముంగిటికి తీసికొనిపోయిరి. అంగన్‌వాడీ అను పేరు ఆ ముంగిలిది, నాలుగు గోడలది కాదు. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు అధ్యక్షురాలుగా 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి బాలవాడీలకు ఊతమిచ్చెను. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము దేశమంతటను 33 చోట్ల మొదలుకాగా, మన రాష్ట్రములో అనంతపురము జిల్లా కంబదూరు, ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు ఆ వరుసలో ఉండెను. 2020 జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వరకు ఒకే దశగా చూడవలెనన్నది. కేంద్రమునకు 600 చదరపు అడుగులు ఉండవలెనని నిబంధనయు ఉన్నది. ఇరవై అడుగులకు ముప్పది. బియ్యపు మూటలు, నూనె, తూకపు కాటా, పొయ్యి పోగా అందులో పిల్లలకు మిగులునదెంత అని కొలిచి చూడవలెను.

ఇప్పుడు మా తప్పు. ప్రార్థన గృహము ప్రక్కన ఒక ఖాళీ గది చూపి, కూలికి పోవు తల్లుల పిల్లలను చేరదీయుమని పెద్దలు మాకప్పగించిరి. మేము ఉత్సాహముగా అక్షరముల పటములు కొని, పెద్దల ఫోటోలు కట్టిన మేకులకే తగిలించితిమి. పిల్లలకు పటముల అడుగు అంచు తప్ప ఏమియు కనబడదు. పెద్ద బడిలో తీసివేసిన బెంచీలు తెచ్చి వరుసగా వేసితిమి, కాళ్ళు గాలిలో వ్రేలాడుచుండెను. బొమ్మలు విరిగితే లెక్క చెప్పవలసి వచ్చునని ఇనుప పెట్టెలో పెట్టి తాళము వేసితిమి. పిల్లలు కట్టివేసినట్లు కూర్చుండిరి. మేము దానిని క్రమశిక్షణ అనుకొంటిమి!

ఒక పిల్లవాడు మాత్రము నిలువక గడపలో చేరి, చింతపిక్కలను అయిదేసి చొప్పున కుప్పలు పెట్టుచుండును. రోజును గదమాయించి లోపలికి లాగెడివారము. వంట చేయు అవ్వ ఒకనాడు ఊరుకొనలేక, “వాడు లెక్కలే గదా అయ్యగారూ చేస్తా ఉండేది! ఆ పెట్టె తెరిస్తే అందురూ చేస్తారు” అన్నది.

పెట్టె తెరచితిమి. పటములను పిల్లల కంటి ఎత్తుకు దించితిమి. ఇటుకల మీద పలక వేసి అలమర చేసితిమి. నడిమి భాగము ఖాళీగా వదలి, ఒక మూల వెడల్పాటి తట్టలో వాగు ఇసుక, ఒక మూల నీళ్ళ తొట్టి పెట్టితిమి. నీళ్ళు ముంచి పోయుటకు ఉదయగిరి కొయ్య చెంచాలు దొరకెను. నర్ది, బిక్కి కొయ్యతో అక్కడి పనివారు చెక్కు ఆ చెంచాలు చిన్న పిడికిట ఇమిడిపోవును. ఇంకొక మూల పాత చీర అడ్డము కట్టితిమి, ఏడుపు వచ్చిన బిడ్డ అందులో దూరి తానే ఊరడిల్లి వచ్చును. అన్నియు సరిగా జరిగెనని కాదు. ఒక చిన్నది చింతపిక్క ముక్కులో దూర్చుకొనగా మా ప్రాణము పోయినంత పని అయినది. అటుపిమ్మట చిన్నవాండ్లకు మొక్కజొన్న కంకి బెండ్లు, పెద్దవాండ్లకే పిక్కలు. మధ్యాహ్నము పడమటి గోడ కాగును గనుక అందరము వేపచెట్టు క్రిందికి పోయెడివారము.

బెంచీలు తీసి ఈతచాపలు పరచిన మరునాడు ఒక తల్లి గడపలో నిలిచి అడిగినది: “మా అబ్బను అరుగు ఎక్కనీలేదు. బెంచీ ఎక్కిన బిడ్డను మీరు నేలకు దించుతారా?”

మాకు నోట మాట రాలేదు. నేల మీద కూర్చుండుట బిడ్డకు సుఖమని పుస్తకములలో చదివితిమి గాని, ఆ నేల ఎవరి జ్ఞాపకములో ఏమై ఉన్నదో తలంచలేదు. పట్టణములలో టై కట్టి బల్లల వెనుక కూర్చుండబెట్టు బడులను మేము ఎగతాళి చేసినవారమే. ఆ బల్ల కొరకు తల్లులు అప్పు చేయుటలో పిచ్చితనమొక్కటే లేదని ఆనాడు తెలిసినది.

వడ్రంగిని పిలిపించి బెంచీల కాళ్ళు జానెడు మిగిల్చి కోయించితిమి. పిల్లలు బెంచీ మీదనే కూర్చుండిరి, పాదములు నేలకు ఆనెను. ఆ తల్లి వచ్చి చేతితో అదిమి చూచి, ఏమియు అనక కూలికి పోయినది. కోయగా మిగిలిన కొయ్యముక్కలను వడ్రంగి నునుపు చేసి ఇచ్చెను. వాటితో మొదట ఇల్లు కట్టినవాడు ఆ చింతపిక్కల పిల్లవాడే. ఆ ఇంటికి ముందు పొడవుగా ఒక అరుగు కూడ పెట్టెను.