వెచ్చాల చీటీలో అర్ధరూపాయి



నెల మొదట్లో వెచ్చాలు తెచ్చుకుంటాం. బిల్లు చేతికి రాగానే అడుగున ఉన్న మొత్తం చూసి డబ్బు ఇచ్చేస్తాం. దాని పైన పన్ను అని వేసిన వరసను ఎంతమందిమి చూస్తాం చెప్పండి? ఆ వరసకు పెద్ద కథే ఉంది. అది మన ఆడవాళ్లకు బాగా సంబంధించిన కథ.

1937లో మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గం ఏర్పడింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోనివే. తాగుడు మాన్పించాలని ఆయన పట్టుదల. ఆ ఏడు అక్టోబరులో సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. మరుసటి ఏడు అది చిత్తూరు, కడప జిల్లాలకూ వచ్చింది. మంచిదే. కాని కల్లు, సారా మీద సర్కారుకు వచ్చే రాబడి ఏమన్నా తక్కువా? అది పోతే బళ్లూ ఆసుపత్రులూ ఎలా నడవాలి? ఆ లోటు పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. అన్ని రకాల సరుకులకూ వర్తించే అమ్మకపు పన్ను దేశంలో అదే మొదటిది.

పన్ను చూడబోతే చిన్నదే. ఏడాదికి పదివేల రూపాయల లోపు వ్యాపారం చేసే చిన్న కొట్టుకు ఏమీ లేదు. ఇరవైవేల దాకా అయితే నెలకు 5 రూపాయలు. ఆపైన నూటికి అర్ధరూపాయి, అంటే ఎనిమిది అణాలు. కట్టేది షావుకారే అయినా, దాన్ని ధరలో కలిపేస్తాడు కదా! చివరికి పడేది మన వంటింటి ఖర్చు మీదనే.

అప్పటి కృష్ణా జిల్లా మెట్టసీమలో, కంచికచర్ల దగ్గర చెవిటికల్లు అని ఒక ఊరుంది. పేరులో కల్లు ఉందని నవ్వకండి! ఆ ఊరి రైతు తన చేలో పండింది తానే అమ్ముకుంటే పన్ను లేదు. కొన్న వర్తకుడు మరో వర్తకుడికి, అతను కొట్టువాడికి అమ్మితే మాత్రం చేయి మారినప్పుడల్లా అర్ధరూపాయి చొప్పున పడేది. అదే జగ్గయ్యపేట దాటి నైజాం ఇలాకాలో అడుగు పెడితే అలాంటి చట్టమే లేదు. హైదరాబాదు రాష్ట్రానికి అది 1950లో గాని రాలేదు. 1956లో రెండు ప్రాంతాలూ కలిశాయి. 1957లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒకే అమ్మకపు పన్ను చట్టం వచ్చింది.

ఆ ఏడు చివరనే మరో మార్పు జరిగింది. పంచదార, మిల్లుబట్ట, పొగాకు మీద రాష్ట్రాలు అమ్మకపు పన్ను వదులుకున్నాయి. బదులుగా కేంద్రం మిల్లు దగ్గరే అదనపు ఎక్సైజు సుంకం వేసి, రాష్ట్రాలకు పంచేది. అంటే చీటీలో పన్ను కనబడకపోయినా ధరలో ఉండనే ఉంది.

2005లో వ్యాట్ వచ్చింది. ముందు చేతివాడు కట్టిన పన్నును తర్వాతి చేతివాడు తగ్గించుకునే పద్ధతి అది. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చింది. విడిగా తూచి ఇచ్చే బియ్యానికి పన్ను లేదు. పేరు అచ్చువేసి కట్టిన 25 కిలోల బస్తాకు నూటికి 5. బస్తా ధర 1,500 అయితే పన్ను 75 రూపాయలు. సబ్బు, టూత్‌పేస్టు, తలనూనెల మీద 18 ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5కు దిగింది. అదే రోజున ఏ.సి. మీద 28 కాస్తా 18 అయింది. 40,000 ఏ.సి. కొంటే 7,200 పన్ను. లక్ష రూపాయల బంగారానికి 3,000. ఏ.సి., బంగారం వాయిదా వేసుకోవచ్చు. బియ్యం, సబ్బు వేసుకోలేం. కూలికి వెళ్లే తల్లీ, కారులో తిరిగే తల్లీ సబ్బు మీద కట్టే శాతం ఒక్కటే. ఎవరికి బరువో మీకు వేరే చెప్పాలా?

మరి, ఏ నిషేధం కోసం ఈ పన్ను పుట్టిందో దాని సంగతి? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. అప్పుడూ ఖజానా లోటే ముఖ్య కారణంగా చెప్పారు. సరుకుల్లో మద్యం, పెట్రోలు, డీజిలు లాంటి కొన్నింటిని జి.ఎస్.టి.లో చేర్చలేదు, వాటి మీద రాష్ట్రం వేసే పన్నే ఇంకా నడుస్తోంది. మద్యం రాబడికి బదులుగా పుట్టిన పన్ను, తిరిగి తిరిగి మద్యం దగ్గరికే చేరింది. వంటింటి మీద పడిన పన్ను మాత్రం పోలేదు.

అందుకని ఒక్క పని చేయండి. చీటీ అడిగి పుచ్చుకోండి. పన్ను వరసను విడిగా ఓ పుస్తకంలో రాసుకోండి. ఏడాది చివర కూడిక వేయండి. రేపు ఓటు అడగడానికి వచ్చిన వారిని కూర్చోబెట్టి, ఆ అంకె చూపించి, "ఇది మా వంటింటి నుంచి వెళ్లింది, దీంతో ఏం చేశారు?" అని అడగండి. ఆ లెక్క అడిగే హక్కు మనకు 1939 నుంచీ ఉంది.