వలసపోయిన జట్టు

2025 అక్టోబరులో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ఢిల్లీకి వెళ్ళిపోయింది. పేరూ మారింది, ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. మా ఉద్దానంలో ఈ వార్తకి బాధపడ్డవాడు నాకు తెలిసి ఒక్కడే, మా మేనత్త కొడుకు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వాళ్ళ కొబ్బరితోటని నేలకి పడగొట్టాక, హైదరాబాదు వెళ్ళి గచ్చిబౌలిలో ఒక అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా కుదిరాడు. మరుసటేడే అక్కడికి దగ్గర్లోని బాలయోగి స్టేడియంలో కొత్త క్లబ్బు ఆడటం మొదలైంది. ఎవరో ఇచ్చిన పాసుతో ఒకసారి వెళ్ళాడు, తర్వాత పసుపు చొక్కా కొనుక్కుని మరీ వెళ్ళాడు.

మొన్న ఫోన్ చేసి, "బావా, టీం ఎల్లిపోనాదట. టీమెలా ఎల్లిపోద్ది? మనవంటే తోటలు పడిపోయి వచ్చీసాం, దానికేటొచ్చింది?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, జవాబు మాత్రం వెంటనే దొరకలేదు. వెతుక్కుంటే అది మా ఇంట్లోంచే మొదలైంది.

మా చినతాత ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తూర్పు తీరం వెంబడి రైలు మార్గం 1890లలో పడింది. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికొచ్చింది. పలాస ఆ దారిలోనే ఉంది. టెక్కలి వాళ్ళయితే 1900లో తెరిచిన పర్లాకిమిడి చిన్నరైల్లో నౌపడ దాకా వచ్చి పెద్దబండి ఎక్కేవాళ్ళు. అలా ఉత్తరానికి వెళ్ళినవాళ్ళతో ఖరగ్‌పూర్‌లో పెద్ద తెలుగు ఊరే వెలిసింది. చినతాత సెలవు దొరికితే కలకత్తా మైదానానికి వెళ్ళి, ఆ రైల్వే పేరుతో ఆడే బి.ఎన్.ఆర్. జట్టుని చూసొచ్చేవాడు. ఆయన నోట్లో అది ఎప్పుడూ "మా బీయన్నారు". జట్టులో ఆడేవాడూ రైల్వే ఉద్యోగే, తనూ రైల్వే ఉద్యోగే, ఆయన లెక్క అంతే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. బి.ఎన్.ఆర్.ని 1944లోనే ప్రభుత్వం తీసేసుకుంది. తర్వాత అది ఈస్టర్న్ రైల్వేలో కలిసింది, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది. అయినా జట్టు మాత్రం పాత పేరు వదల్లేదు. 1963లో ఐ.ఎఫ్.ఏ. షీల్డు, 1964లో రోవర్స్ కప్పు గెలిచింది బి.ఎన్.ఆర్. పేరుతోనే. కంపెనీ పోయిన పంతొమ్మిదేళ్ళకి దాని పేరు మీద షీల్డు! అదే 1964లో ఆసియా కప్‌లో దక్షిణ కొరియా మీద రెండో నిమిషంలోనే భారత్‌కి గోల్ కొట్టినవాడి పేరు అప్పలరాజు. మా వైపు వీధికో అప్పలరాజు ఉంటాడు కాబట్టి, మిగతా వివరాలు అడక్కుండానే చినతాత "మనోడే" అని తేల్చేశాడు.

హైదరాబాదులోనూ పద్ధతి ఇదే, కాకపోతే అక్కడ రైలు బదులు పోలీసు. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్లకీ ఆయనే కోచ్. ఆ రోజుల్లో ఆటకి జీతం అని ఎవరూ అనేవారు కాదు. ఉద్యోగం ఇచ్చేవారు, దానికి నెలజీతం వచ్చేది. సికిందరాబాదు కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఈస్ట్ బెంగాల్‌లో అంత పేరు తెచ్చుకుని, చివరికి 1963లో బి.ఎన్.ఆర్.కే వచ్చాడు. అనారోగ్యంతో ఇరవయ్యేడేళ్ళకే ఆట ఆగిపోయింది. 2023లో పోయేదాకా బెంగాల్లోనే ఉన్నాడు.

ఈ పద్ధతిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆటగాడు బాస్ మాట దాటలేడు. ఆటగాళ్ళకి ఉద్యోగాలివ్వడం తగ్గేసరికి జట్లూ సన్నబడ్డాయి. కానీ పోలీసు జట్టునో రైల్వే జట్టునో వేరే ఊరికి అమ్మేయడం మాత్రం ఎవరివల్లా కాదు.

2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్ లెక్క వేరు. అది అమెరికా నమూనాలో మొదలైంది: లీగులో ఒక చోటు కొనుక్కోవాల్సి వచ్చేది, ఆ చోటు యజమానిది, ఊరిది కాదు. అక్కడ జట్లు ఊళ్ళు మారడం మామూలే. మన ఇంజనీర్లు గుంపులుగా ఉండే శాన్ హోసే నుంచి, తెలుగువాళ్ళున్న హ్యూస్టన్‌కి 2005 సీజన్ అయ్యాక ఒక జట్టు తరలిపోయింది. హ్యూస్టన్ డైనమో పేరుతో 2006, 2007ల్లో వరసగా లీగ్ కప్పు గెలిచింది. అయితే పాత పేరు, రంగులు, గెలిచిన కప్పుల లెక్క శాన్ హోసేకే వదిలిపెట్టారు. 2008లో ఆ ఊరికి అదే పేరుతో జట్టు మళ్ళీ వచ్చింది. కొలంబస్‌లోనైతే అభిమానులు రోడ్డెక్కి, 2018లో తమ జట్టుని కదలనివ్వలేదు.

ఇదంతా చెప్పి, "ఒరే, 2019లో నీ హైదరాబాదు టీం ఎలా వచ్చిందనుకున్నావు? పూణే టీం మూతబడితే ఆ చోటే ఇక్కడికొచ్చింది. అప్పుడు పూణేవాడి గురించి అడిగావా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి కప్పో?" అన్నాడు.

కప్పు 2022 మార్చి 20నాటిది. గోవాలో కేరళతో ఫైనల్. ఎనభై ఎనిమిదో నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో స్కోరు సమం అయింది. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపేశాడు. కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరిగింది కాబట్టి, టీము గెలిచిన ఆ ఏడు గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. మావాడు వాచ్‌మన్ గదిలో ఫోన్లో చూశాడు. గేటు దగ్గర హారన్ కొడుతున్నా లేవలేదని తర్వాత తిట్లు తిన్నాడు.

సంక్రాంతికి కవిటి వచ్చినప్పుడు ఆ పసుపు చొక్కాయే వేసుకున్నాడు. తోటలో కొత్త మొక్కలకి నీళ్ళు పెడుతుంటే ఊళ్ళో పిల్లలు చుట్టూ చేరి, చెన్నై సూపర్ కింగ్స్‌దా అని అడిగారట.

"అవున్రా అన్నాను బావా. ఇంకేటి సెప్తాను?"