పైపొరే కదా అనుకోకండి! - ‘వల్కలం’ చరిత్ర

మీ జీవశాస్త్రం పుస్తకాన్ని ఒకసారి తిరగేయండి. మొక్క వేరు అడ్డుకోత బొమ్మలో ‘వల్కలం’ అనే మాట కనిపిస్తుంది. మూత్రపిండం నిలువుకోతలోనూ అదే మాట. మెదడు పాఠంలో మస్తిష్క వల్కలం, గ్రంథుల పాఠంలో అధివృక్క వల్కలం. వేరుకూ మెదడుకూ ఒకే పేరుగల భాగం ఎలా వచ్చింది? ఇవన్నీ ఒకే జాతి కణజాలాలా?

కాదు. వీటిని కలిపింది పేరు ఒక్కటే. లాటిన్ భాషలో చెట్టు బెరడును ‘కార్టెక్స్’ అంటారు. అవయవాలను కోసి చూసిన ఐరోపా శరీరశాస్త్రజ్ఞులకు కొన్నింటిలో వెలుపల ఒక రంగు, లోపల మరో రంగు కనిపించాయి. వెలుపలి భాగాన్ని కార్టెక్స్ అన్నారు. లోపలి భాగాన్ని ‘మెడుల్లా’ అన్నారు, అంటే మూలుగ. తెలుగులో వీటికి వల్కలం, దవ్వ అనే మాటలు స్థిరపడ్డాయి. వల్కలాలంటే పురాణాల్లో మునులు కట్టుకునే నారబట్టలు. దవ్వ అనగానే మీకు అరటిదవ్వ కూర గుర్తుకు రావచ్చు.

ఇక్కడే ఒక చిక్కుంది. పేరు ఆ భాగం ఎక్కడుందో చెబుతుంది గాని, ఏం చేస్తుందో చెప్పదు. ‘బెరడు’ అనగానే లోపలి సరుకును కాపాడే తొడుగు అనిపిస్తుంది. అసలు పని లోపలే జరుగుతుందనిపిస్తుంది. ఆ భ్రమ తొలగడానికి దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది.

చెట్టునూ మూత్రపిండాన్నీ చూసిన కన్ను

ఇటలీలోని బొలోనా నగరంలో పనిచేసిన మార్సెల్లో మాల్పీగీ (1628-1694) సూక్ష్మదర్శినిని చెట్ల మీదా, జంతువుల మీదా ఒకేలా ప్రయోగించాడు. కాండం చుట్టూ బెరడును ఉంగరంలా ఒలిచి వదిలేశాడు. కొన్నాళ్లకు ఒలిచిన చోటుకు పైభాగం ఉబ్బింది. కింది భాగం అలా ఉబ్బలేదు. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు గుండానే కిందికి దిగుతుందని, దారి తెగితే అక్కడే పోగుపడుతుందని ఆయన గ్రహించాడు. మొదలు చుట్టూ బెరడు చెక్కేస్తే ఎంత పెద్ద చెట్టయినా ఎండిపోతుందని మన రైతులకూ తెలుసు. కారణం ఇదే: వేళ్లకు తిండి అందదు. ఆహారాన్ని మోసే ఆ కణజాలానికి 1858లో కార్ల్ నేగెలీ ‘ఫ్లోయం’ అని పేరు పెట్టాడు. దానికి మూలమైన గ్రీకు మాటకు అర్థం కూడా బెరడే!

మీ పుస్తకంలోని వేరు వల్కలం మాత్రం ఈ బెరడు కాదు. అది బాహ్యచర్మానికీ, మధ్యనున్న నాళికా కణజాలానికీ నడుమ ఉండే పొర. నేలనుంచి పీల్చిన నీరు దాన్ని దాటే లోపలికి చేరుతుంది. పిండిపదార్థం నిల్వ ఉండేదీ అక్కడే.

మాల్పీగీ మూత్రపిండాన్నీ వదల్లేదు. దాని రక్తనాళంలోకి నల్లని ద్రవాన్ని ఎక్కించి చూస్తే, వల్కలంలో సన్నని కొమ్మలకు వేలాడే పండ్లలా చిన్నచిన్న ఉండలు కనిపించాయి. 1666లో ఆ వివరాలు ప్రచురించాడు. ఆ ఉండలకూ మూత్రనాళికలకూ సంబంధం ఉందని 1842లో విలియం బౌమన్ చూపించాడు. మనిషి ఒక్కో మూత్రపిండంలో ఇలాంటివి సుమారు 10 లక్షలు, అన్నీ వల్కలంలోనే. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం ఇక్కడ వడకడుతుంది. అందులో మూత్రంగా బయటికి పోయేది లీటరున్నర మాత్రమే. మిగతాదంతా తిరిగి రక్తంలో చేరుతుంది.

అయితే మెదడు వల్కలం దగ్గర మాల్పీగీ పొరబడ్డాడు. అందులోనూ తనకు సన్నని గ్రంథులే కనిపించాయన్నాడు. ఒకచోట కనిపించినదాన్ని, అదే పేరున్న మరోచోట కూడా చూడబోవడం ఎంత ప్రమాదమో చూడండి!

కదలిన కాలు

19వ శతాబ్దం నడిమి వరకూ పేరున్న శాస్త్రజ్ఞులే మెదడు పైపొరను ప్రేరేపిస్తే శరీరంలో కదలిక రాదని నమ్మేవారు. 1870లో బెర్లిన్‌లో గుస్టావ్ ఫ్రిట్ష్, ఎడ్వర్డ్ హిట్జిగ్ ఒక కుక్క మెదడు వల్కలంపై స్వల్ప విద్యుత్తు ప్రసరింపజేశారు. ఒక పక్కన తాకిస్తే అవతలి పక్క కాలు కదిలింది. ఇప్పుడు మనకు తెలిసినంతలో, కేవలం 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందమున్న ఈ పొరలో సుమారు 1,600 కోట్ల నాడీకణాలున్నాయి. లోపలి తెల్లని భాగం ముఖ్యంగా వాటిని కలిపే తీగల కట్ట.

ప్రాణం ఎక్కడుంది?

వల్కలం విలువ అన్నిటికన్నా కఠినంగా తెలిసింది అధివృక్క గ్రంథుల విషయంలో. ఇవి మూత్రపిండాల మీద టోపీల్లా ఉంటాయి. 1855లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ ఒక వింత వ్యాధిని వర్ణించాడు. రోగి రోజురోజుకూ నీరసిస్తాడు, చర్మం నల్లబడుతుంది, చివరికి చనిపోతాడు. కోసి చూస్తే ఈ గ్రంథులు దెబ్బతిని ఉండేవి. మరి వాటిలో ఏ భాగం ముఖ్యం? 1901 నాటికి దవ్వనుంచి వచ్చే అడ్రినలిన్‌ను శుద్ధి చేశారు. గుండె వేగాన్ని పెంచే ఆ పదార్థం ఎంతో పేరు తెచ్చుకుంది. కాని అడిసన్ రోగులను అది బతికించలేదు. దవ్వ లేకపోయినా జంతువు బతుకుతుందని, వల్కలం లేకపోతే బతకదని ప్రయోగాలు తేల్చాయి. 1930 ప్రాంతంలో అమెరికాలో స్వింగిల్, ఫిఫ్‌నర్ గ్రంథులు తీసేసిన పిల్లులను వల్కలం సారంతోనే బతికించారు.

ఆ సారంలోని పదార్థాలను అమెరికాలో కెండాల్, స్విట్జర్లాండ్‌లో రైఖ్‌స్టెయిన్ విడదీశారు. వాటిలో ఒకదాన్ని 1948లో హెంచ్ కీళ్లవాతంతో మంచానపడిన రోగికి ఇస్తే, కొద్ది రోజుల్లోనే లేచి నడవగలిగారు. ముగ్గురికీ 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మందు పేరు కార్టిజోన్. పేరులోనే ‘కార్టెక్స్’ ఉంది! దాని సోదర హార్మోను మాత్రలతో ఈనాడు అడిసన్ రోగులు ఏళ్ల తరబడి మామూలుగా జీవిస్తున్నారు.

కాబట్టి ఈసారి బొమ్మ గీసి ‘వల్కలం’ అని రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఇక్కడ ఏ కణాలున్నాయి, అవేం చేస్తున్నాయి అని అడగండి. అన్నట్టు, మనం వండుకునే అరటిదవ్వ కూడా కాండంలోని మెత్తని దవ్వ కాదు. అది గెలను మోసే కాడ. దాని చుట్టూ ఉన్న పట్టలు బెరడు కాదు, ఆకుల అడుగుభాగాలు. మనం పెట్టుకున్న పేరు ఆనవాలుకు పనికొస్తుంది. నిజం తెలియాలంటే మాత్రం కోసి చూడాల్సిందే.