ఢిల్లీ ఫైనల్ నుంచి మాండలే దాకా: స్నూకర్ ప్రొఫెషనల్ ఆదిత్య మెహతా ప్రస్థానం

న్యూఢిల్లీ: ప్రపంచ ప్రొఫెషనల్ స్నూకర్‌లో ర్యాంకింగ్ టోర్నమెంట్ ఫైనల్‌కు చేరిన తొలి భారతీయుడు ఆదిత్య మెహతా. 2013 అక్టోబరు 14 నుంచి 18 వరకు న్యూఢిల్లీలోని లె మెరిడియన్ హోటల్‌లో జరిగిన తొలి ఇండియన్ ఓపెన్‌లో ఆయన ఈ ఘనత సాధించారు. తుదిపోరులో చైనా అగ్రశ్రేణి ఆటగాడు డింగ్ జున్‌హుయ్ చేతిలో 0-5తో ఓడిపోయారు. ఒక్క ఫ్రేమ్ కూడా దక్కని ఆ ఓటమే భారత స్నూకర్ ప్రొఫెషనల్ చరిత్రలో చాలాకాలం అత్యున్నత ఫలితంగా చెప్పుకోవలసి రావడం ఈ క్రీడలో మన పరిస్థితికి అద్దం పడుతుంది. ప్రపంచ అమెచ్యూర్ టైటిళ్లకు భారత్‌లో కొదవ లేదు. ప్రొఫెషనల్ టూర్‌లో నిలదొక్కుకున్నవారు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే.

స్నూకర్ భారతదేశంలోనే పుట్టింది. 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి ఈ ఆటకు రూపమిచ్చారని, తరువాత ఊటీ క్లబ్బులో దీని నియమాలు స్థిరపడ్డాయని చరిత్రకారులు చెబుతారు. అక్కడి నుంచి ఇంగ్లండుకు వెళ్లిన ఆట అక్కడే వృత్తి క్రీడగా ఎదిగింది. మన దేశంలో మాత్రం చాలాకాలం జింఖానా క్లబ్బుల గోడల మధ్యే ఉండిపోయింది. 1984లో ఓం అగర్వాల్ ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ ఛాంపియన్‌గా నిలిచి ఈ విజయం సాధించిన తొలి భారతీయుడయ్యారు. 1989లో ఆసియా ఛాంపియన్ అయిన యాసిన్ మర్చంట్ 1990వ దశకంలో ప్రొఫెషనల్ టూర్‌లో అడుగుపెట్టారు. ఢిల్లీలో జన్మించి అహ్మదాబాద్‌లో పెరిగిన గీత్ సేఠీ బిలియర్డ్స్‌లో ప్రపంచ విజేతగా వెలుగొందారు. మెహతాకు ముందు తరాల వారసత్వం స్థూలంగా ఇది.

1985 అక్టోబరు 31న జన్మించిన మెహతా ముంబైకి చెందినవారు. ప్రొఫెషనల్ టూర్‌లో ఆయన తొలి ప్రయత్నాలు స్వల్పకాలికంగానే ముగిశాయి. టూర్‌లోకి రావడం, నిలవలేక బయటికి పోవడం, మళ్లీ అమెచ్యూర్ పోటీల్లో గెలిచి తిరిగి రావడం ఈ క్రీడలో కొత్త కాదు. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆయన వ్యక్తిగత స్నూకర్‌లో కాంస్యం, జట్టు విభాగంలో రజతం సాధించారు. ఆ క్రీడల తరువాత బిలియర్డ్స్, స్నూకర్ పోటీలను ఆసియా క్రీడల జాబితా నుంచి తొలగించారు. ఒలింపిక్స్‌లో ఈ ఆటకు ఎప్పుడూ చోటు లేదు. ప్రభుత్వ పురస్కారాలకు, ఉద్యోగాలకు బహుళ క్రీడోత్సవాల పతకాలనే ప్రధాన కొలమానంగా చూసే దేశంలో ఆ తొలగింపు వల్ల క్యూ క్రీడాకారులకు కలిగిన నష్టం చిన్నది కాదు.

2012లో మెహతా ఆసియా స్నూకర్ ఛాంపియన్‌షిప్ గెలుచుకున్నారు. ఫైనల్‌లో ఆయన ఓడించింది సహచర భారతీయుడు అలోక్ కుమార్‌నే. ఆ విజయంతో ప్రొఫెషనల్ టూర్ ద్వారం ఆయనకు మళ్లీ తెరుచుకుంది. మరుసటి ఏడాది కొలంబియాలోని కాలి నగరంలో జరిగిన ప్రపంచ క్రీడల్లో చైనాకు చెందిన లియాంగ్ వెన్‌బోను ఓడించి స్వర్ణం అందుకున్నారు. ఒలింపిక్స్‌లో లేని ఆటల కోసం నిర్వహించే ఈ క్రీడోత్సవం గురించి మన దేశంలో తెలిసినవారు తక్కువ. ఆ స్వర్ణానికి రావలసినంత ప్రచారమూ రాలేదు. అయితే రెండు నెలల తరువాత ఢిల్లీలో ఏం జరగబోతోందో ఆ విజయం ముందే సూచించిందని చెప్పవచ్చు.

టూర్‌లో బతుకు లెక్క

ప్రొఫెషనల్ స్నూకర్ ఆటగాడి జీవితం ఎలా సాగుతుందో తెలియకపోతే ఢిల్లీ ఫలితం విలువ బోధపడదు. టూర్‌లో ఉండే ఆటగాళ్ల సంఖ్య దాదాపు 128. కొత్తగా చేరినవారికి సాధారణంగా రెండేళ్ల అర్హత లభిస్తుంది. ఆ వ్యవధి ముగిసేసరికి ప్రపంచ ర్యాంకుల్లో తొలి 64 స్థానాల్లో ఉన్నవారికి కొనసాగింపు ఖాయం. మిగిలినవారిలో అత్యధికులు మళ్లీ అర్హత పోటీల్లో నెగ్గి రావలసిందే. 2014 నుంచి ర్యాంకులను పూర్తిగా బహుమతి సొమ్ము ఆధారంగా లెక్కిస్తున్నారు. గెలిచిన డబ్బే పాయింట్లన్నమాట.

క్రికెట్ ఆటగాడికి ఉన్నట్టు ఇక్కడ కాంట్రాక్టు గానీ మ్యాచ్ ఫీజు గానీ లేవు. ప్రయాణం, బస, భోజనం, సాధన టేబుల్ అద్దె అన్నీ ఆటగాడే భరించాలి. మెహతా ఆడిన రోజుల్లో తొలి రౌండులో ఓడితే చాలా టోర్నమెంట్లలో చేతికి పైసా వచ్చేది కాదు. ప్రతి ఆటగాడికీ సీజనుకు కనీసం 20,000 పౌండ్ల ఆదాయం ఉండేలా చూస్తామని టూర్ నిర్వాహకులు ప్రకటించినది 2022లో మాత్రమే. అదీ బహుమతి సొమ్ములో సర్దుబాటు చేసే ముందస్తు మొత్తమే. అర్హత మ్యాచ్‌లలో అధిక భాగం బ్రిటన్‌లోనే జరుగుతాయి కనుక, షెఫీల్డ్‌లోనో మరో ఇంగ్లిష్ పట్టణంలోనో పుట్టినవాడు కారెక్కి వెళ్లి ఆడివచ్చే మ్యాచ్ కోసం భారతీయుడు వీసా తీసుకుని, ఇల్లు అద్దెకు తీసుకుని, నెలల తరబడి కుటుంబానికి దూరంగా ఉండాలి. ఒక ఆటగాడు ఎంత బాగా బంతిని పాకెట్‌లో వేయగలడన్నది ఒక ప్రశ్న. ఎన్ని సీజన్లు ఓడుతూ కూడా అక్కడ ఉండగలడన్నది అంతకంటే కఠినమైన ప్రశ్న.

టేబుళ్ల తేడా కూడా ఉంది. టూర్ టేబుళ్ల పలక కింద వేడి చేసే ఏర్పాటు ఉంటుంది. గుడ్డ పలుచగా, పొడిగా ఉండి బంతి వేగంగా, చాలా దూరం దొర్లుతుంది. మన సముద్రతీర నగరాల్లోని క్లబ్బుల్లో గాలిలోని తేమకు గుడ్డ బరువెక్కుతుంది. అక్కడ నేర్చిన చేతి బలం ఇక్కడ పనికిరాదు. చిన్ననాటి నుంచి అలవాటైన క్యూ దెబ్బను పాతికేళ్ల వయసులో మార్చుకోవడం ఎవరికైనా శ్రమే.

ఆ ఐదు రోజులు

2013 నాటి ఇండియన్ ఓపెన్ మన దేశంలో జరిగిన తొలి ర్యాంకింగ్ టోర్నమెంట్. ఫైనల్‌కు ముందు మ్యాచ్‌లన్నీ ఏడు ఫ్రేముల పోరాటాలు. అంటే నాలుగు ఫ్రేములు ముందు గెలిచినవారిదే విజయం. ఇంత తక్కువ నిడివిలో అనుభవం కన్నా ఆ గంటలో చేయి ఎలా ఆడుతోందన్నదే ఎక్కువగా పనిచేస్తుంది. అంతమాత్రాన మెహతా విజయాలను అదృష్టంగా కొట్టివేయలేం. ఆయన ఇంటికి పంపినవారిలో అప్పటికే రెండుసార్లు, 2000లోను 2003లోను, ప్రపంచ ఛాంపియన్ అయిన వేల్స్ ఆటగాడు మార్క్ విలియమ్స్ ఉన్నారు. సెమీఫైనల్‌లో స్కాట్లండుకు చెందిన స్టీఫెన్ మగ్వైర్‌పై 4-3తో నెగ్గారు. మగ్వైర్ 2004లో యూకే ఛాంపియన్‌షిప్ గెలిచినవారు. చివరి ఫ్రేమ్ దాకా సాగిన ఆ మ్యాచ్‌లో తడబడకుండా నిలవడం వల్లనే ఫైనల్ బెర్తు దక్కింది.

ఫైనల్ తొమ్మిది ఫ్రేములది. ఎదుట డింగ్. అంతకుముందే షాంఘై మాస్టర్స్ గెలిచి వచ్చిన ఆయన ఆ సీజనులో మొత్తం ఐదు ర్యాంకింగ్ టైటిళ్లు గెలిచి, 1990-91లో స్టీఫెన్ హెండ్రీ నెలకొల్పిన రికార్డును సమం చేశారు. అటువంటి ఊపులో ఉన్న ఆటగాడి ముందు మెహతాకు అవకాశాలు చిక్కలేదు.

ఆ సాయంత్రం టేబుల్‌కు రెండు వైపులా నిలిచిన ఇద్దరినీ పోల్చి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. డింగ్ 2005లో బీజింగ్‌లో చైనా ఓపెన్ గెలిచినప్పుడు ఆయన వయసు 18 ఏళ్లు. ఆ విజయం తరువాత చైనాలో టోర్నమెంట్లు, అకాడమీలు, టెలివిజన్ ప్రేక్షకులు వరుసగా పెరిగారు. వెనుక వచ్చిన కుర్రవాళ్లు గుంపులుగా బ్రిటన్ చేరి ఒకరికొకరు తోడుగా సాధన చేశారు. ఢిల్లీ ఫైనల్ మనకు అలాంటి మలుపు కాగలిగేది. కాలేదు. ఓడినందువల్ల కాలేదనడం సరికాదు. ఆ వారం తరువాత తలుపు తట్టే కుర్రవాళ్లకు చూపించడానికి దారంటూ ఏదీ సిద్ధంగా లేకపోవడమే కారణం.

147

మెహతా పేరిట ఉన్న మరో తొలి రికార్డు 2014 ఆగస్టులో జర్మనీలోని ఫ్యూర్ట్ పట్టణంలో నమోదైంది. పాల్ హంటర్ క్లాసిక్ టోర్నమెంటులో, ప్రత్యర్థి మళ్లీ మగ్వైరే కాగా, ఆయన గరిష్ఠ బ్రేక్ 147 సాధించారు. ప్రొఫెషనల్ పోటీలో ఒక భారతీయుడు ఈ స్కోరు చేయడం అదే మొదటిసారి.

ఆట తెలియనివారి కోసం ఆ అంకె వెనుక లెక్క ఇది. టేబుల్ మీద 15 ఎర్ర బంతులు, ఆరు రంగుల బంతులు ఉంటాయి. ఎర్ర బంతికి ఒక పాయింటు. అది పడిన తరువాత ఒక రంగు బంతిని వేయాలి. రంగుల్లో నలుపుకు అత్యధికంగా ఏడు పాయింట్లు. పదిహేను సార్లూ ఎరుపు తరువాత నలుపునే వేస్తే 120 వస్తాయి. ఆపై పసుపు, ఆకుపచ్చ, గోధుమ, నీలం, గులాబీ, నలుపు వరుసగా పడితే మరో 27. మొత్తం 147. అంటే మధ్యలో ఒక్క పొరపాటూ లేకుండా 36 బంతులను వేయాలి. ప్రతి దెబ్బ తరువాతా తెల్ల బంతి తదుపరి దెబ్బకు అనువైన చోట ఆగాలి. బంతిని పాకెట్‌లో వేయడం కంటే ఆ ఆపడమే కష్టం.

ఉండిపోయినవారు, తిరిగివచ్చినవారు

మెహతాతో పాటు 2012లోనే టూర్‌లో ప్రవేశించిన మరో భారతీయుడు పంకజ్ అద్వానీ. బెంగళూరులో పెరిగిన అద్వానీ 2003లోనే ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ విజేత. 2013 వెల్ష్ ఓపెన్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లారు. కానీ 2014లో ఆయన ప్రొఫెషనల్ కార్డు వదులుకుని స్వదేశానికి తిరిగివచ్చారు. అదే ఏడాది లీడ్స్‌లో ప్రపంచ బిలియర్డ్స్ రెండు ఫార్మాట్లలోనూ విజేతగా నిలిచారు. ప్రభుత్వ రంగ సంస్థ ఓఎన్‌జీసీలో ఉద్యోగం, రెండు ఆటల్లో ప్రపంచ టైటిళ్లు, 2018లో పద్మభూషణ్: ఆయన ఎంచుకున్న దారి తప్పని ఎవరూ అనలేరు. మెహతా టూర్‌లో మరికొన్నేళ్లు కొనసాగారు. ఫలితాలు తగ్గుముఖం పట్టాయి, గాయాల బెడద తోడైంది, చివరకు ఆయన కూడా టూర్ బయటే మిగిలారు. ఒకే తరంలో, దాదాపు ఒకే వయసులో ఉన్న ఈ ఇద్దరి అనుభవాలు పక్కపక్కన ఉంచితే, భారతీయ ఆటగాడికి అమెచ్యూర్‌గా ఉండటమే ఆర్థికంగా సురక్షితమన్న వింత వాస్తవం కనిపిస్తుంది. బ్రిటన్‌లో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం.

ఇద్దరూ మళ్లీ ఒకే జట్టులో కలిసినది 2019 సెప్టెంబరులో. మయన్మార్‌లోని మాండలేలో జరిగిన ప్రపంచ జట్టు స్నూకర్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో భారత్ జోడీ థాయ్‌లాండ్‌ను ఓడించింది. అద్వానీకి అది 23వ ప్రపంచ టైటిల్. అంతర్జాతీయ వేదికపై మెహతా పునరాగమనాన్ని చాటిన విజయమూ అదే.

ఊరూరా తిరిగిన టోర్నమెంటు

ఢిల్లీలో మొదలైన ఇండియన్ ఓపెన్ ఒకే నగరంలో వేళ్లూనుకోలేదు. 2015 మార్చిలో ముంబైలో జరిగింది. వేల్స్ ఆటగాడు మైకేల్ వైట్ అక్కడ విజేత. 2016 జులైలో హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. హెచ్‌ఐసీసీ ప్రాంగణంలో జరిగిన ఫైనల్‌లో స్కాట్లండ్ ఆటగాడు ఆంథొనీ మెక్‌గిల్ 5-2తో కైరన్ విల్సన్‌పై నెగ్గారు. 2017 సెప్టెంబరులో విశాఖపట్నం వంతు వచ్చింది. నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ జాన్ హిగ్గిన్స్ సాగరతీర నగరంలో 5-1తో మెక్‌గిల్‌ను ఓడించి ట్రోఫీ అందుకున్నారు. ఐదు సంచికల్లో రెండు తెలుగు నగరాల్లో జరగడం చెప్పుకోదగిన సంగతే. హైదరాబాద్‌కు చెందిన లక్కీ వత్నానీ కూడా కొంతకాలం ప్రొఫెషనల్‌గా ఆడినవారే. 2019 ఆరంభంలో కోచ్చిలో ఇంగ్లండ్‌కు చెందిన మాథ్యూ సెల్ట్ విజేతగా నిలిచిన తరువాత ఈ టోర్నమెంటు టూర్ క్యాలెండర్‌లో కొనసాగలేదు. ఈ ఐదింటిలో ఫైనల్ ఆడిన భారతీయుడు మెహతా ఒక్కరే.

ఢిల్లీ నుంచి సందీప్ గులాటీ, వరుణ్ మదన్ వంటివారు జాతీయ స్థాయిలో పేరు తెచ్చుకున్నారు. రాజధాని పరిసరాల్లో సాధారణ యువకులు గంటకింత అని చెల్లించి ఆడుకునే స్నూకర్ పార్లర్లకూ ఆదరణ ఉంది. అయితే అక్కడ ఆడటానికి, టూర్ టేబుల్ మీద ఆడటానికి మధ్య ఉన్న దూరం విమాన టికెట్టుతో తీరేది కాదు.

ఇటీవలి కాలంలో ఆసియా, ఓషియానియా ఆటగాళ్ల కోసం ప్రత్యేక అర్హత పోటీలు ప్రవేశపెట్టడంతో బ్రిటన్ వెళ్లకుండానే టూర్ కార్డు పొందే వీలు కలిగింది. 2022లో హిమాంశు జైన్ ఆ మార్గంలోనే ప్రొఫెషనల్ అయ్యారు. ముంబైకి చెందిన ఇష్‌ప్రీత్ సింగ్ చడ్ఢా 2023లో టూర్‌లో చేరారు. కార్డు చేతికొచ్చాక మాత్రం సూట్‌కేసు సర్దుకుని వెళ్లవలసినది ఇప్పటికీ ఇంగ్లండుకే.